మన లాన్ మన చేత్తో, నాలుగో పాఠం: బ్యాటరీ మోవరా, పెట్రోల్ మోవరా?

క్రితం పాఠంలో టేపు పట్టుకుని యార్డ్ కొలిచి రాసుకోమన్నాను కదా, ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఇవాళ్టి లెక్కంతా దాని మీదే నడుస్తుంది. డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్ వైపు మనవాళ్లు కొనుక్కునే ఇళ్లలాంటి ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. కాగితాల్లో స్థలం 7,500 చదరపు అడుగులు. ఇల్లు, డ్రైవ్‌వే, పేటియో, పూలపాదులు తీసేస్తే గడ్డి మిగిలేది 3,600. షాపులో మాత్రం చాలామంది 7,500 చెప్పి, అవసరానికి మించిన మోవర్ (గడ్డి కోసే మిషన్) తెచ్చుకుంటారు. కొయ్యాల్సింది గడ్డిని, కాబట్టి గడ్డి కొలతే చెప్పండి.

ముందు కోతకి ఎంతసేపు పడుతుందో తేల్చుకుందాం. మామూలు మోవర్ కోత వెడల్పు 21 అంగుళాలు. మధ్యలో గీతల్లా గడ్డి మిగిలిపోకుండా ఒక వరస మీదకి ఇంకో వరస కొంచెం ఎక్కిస్తూ కోస్తాం కాబట్టి నికరంగా దక్కేది అడుగున్నర. తాపీగా నడిచినా నిమిషానికి 200 అడుగులు నడుస్తాం. అంటే నిమిషానికి 300 చదరపు అడుగులు. 3,600కి 12 నిమిషాలు. మలుపులు, మూలలు, సంచీ ఖాళీ చేయడం కలిపి 20 అనుకోండి. ఈ 20 గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు బ్యాటరీ సంగతి. డబ్బా మీద వోల్టులు పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి: 40, 56, 80. అవి చూసి నిర్ణయం తీసుకోవద్దు. బ్యాటరీలో ఎంత కరెంటు దాగి ఉందో చెప్పేది వాట్-అవర్. వోల్టుల్ని ఆంపియర్-అవర్‌తో గుణిస్తే అది వస్తుంది. 40 వోల్టుల 6 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 240 ఉంటే, 80 వోల్టుల 2 ఆంపియర్-అవర్ దాంట్లో ఉన్నది 160 మాత్రమే. పెట్టె మీద రాసే వోల్టులు ఫుల్ ఛార్జ్ మీద ఉన్నప్పటివి కావచ్చు, కాబట్టి బ్యాటరీ వెనక చిన్న అక్షరాల్లో వాట్-అవర్ ఉందేమో తిప్పి చూడండి.

250 వాట్-అవర్ బ్యాటరీ ఉందనుకుందాం. వారం వారం కోసే పలచటి గడ్డిలో మోటారు 500 వాట్లు లాగితే అరగంట వస్తుంది. మన 20 నిమిషాల పని హాయిగా అయిపోతుంది. అదే మే నెలలో వానలు పడి బెర్ముడా రకం గడ్డి ఒత్తుగా పెరిగినప్పుడు 1,000 వాట్లు లాగిందంటే 15 నిమిషాలే. ఇంకో అయిదు నిమిషాల పని ఉండగా వెనక యార్డ్ మధ్యలో ఆగిపోతుంది. అందుకే ఈ ఇంటికి 400 వాట్-అవర్లకి తగ్గని బ్యాటరీ కొనమంటాను, లేదా చిన్నవి రెండు.

మన కుటుంబాల్లో ఇంకో సంగతి ఉంది. స్కూళ్లకి సెలవులివ్వగానే నాలుగు వారాలు ఇండియా వెళ్తాం. స్ప్రింక్లర్లు మాత్రం టైమ్ ప్రకారం నీళ్లు పెడుతూనే ఉంటాయి. తిరిగొచ్చేసరికి గడ్డి పిక్కల దాకా ఉంటుంది, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి ఉత్తరం కూడా వచ్చి ఉంటుంది. అలాంటి గడ్డిలో బ్యాటరీ మోవర్‌ని ఒకేసారి కిందికి దించి తోస్తే బ్లేడు బిగుసుకుపోతుంది. పెట్రోల్‌ది కాస్త మొరాయించినా లాక్కుపోతుంది. కానీ గడ్డి క్షేమం చూస్తే ఏ మోవర్‌తోనైనా పద్ధతి ఒకటే: ఒక కోతలో ఎత్తులో మూడో వంతుకి మించి తీయకూడదు. ముందు పై ఎత్తులో ఒకసారి కోసి, మూడు నాలుగు రోజులు ఆగి, ఇంకాస్త దించి మళ్లీ కోయండి. అలా చేస్తే బ్యాటరీదీ నడుస్తుంది.

బెర్ముడా వాళ్లకి బరువైన పని ఇంకొకటుంది. చలికాలం ముగిసి పచ్చదనం మొదలయ్యే ముందు, ఎండిపోయిన గోధుమరంగు గడ్డిని అంగుళం లోపుకి కోసేస్తారు, స్కాల్పింగ్ అంటారు. దుమ్ము లేస్తుంది, సంచీ రెండు వరసలకే నిండుతుంది, బ్యాటరీ చూస్తుండగానే దిగిపోతుంది. ఏడాదికి ఒక్కసారే కాబట్టి ముందు యార్డ్ శనివారం, వెనకది ఆదివారం పెట్టుకుంటే సరి. మీది సెయింట్ ఆగస్టీన్ రకం గడ్డి అయితే ఈ పనే వద్దు. దాని తీగలు నేల మీదే పాకుతాయి, అంత కిందికి కోస్తే తీగలే పోతాయి. దాన్ని మూడు అంగుళాల దగ్గర ఉంచండి.

పెట్రోల్ మోవర్‌కి మిమ్మల్ని దూరం చెయ్యాలని నా ఉద్దేశం కాదు. అర ఎకరం యార్డ్ ఉన్నవాళ్లకి డబ్బా నింపుకుంటూ పని ముగించుకునే సౌకర్యం ఇంకా దేనికీ లేదు. కాకపోతే దాని కష్టం కోతలో ఉండదు, నిలవ ఉంచడంలో ఉంటుంది. ఇక్కడి బంకుల్లో పోసే పెట్రోల్‌లో సాధారణంగా పది శాతం దాకా ఇథనాల్ కలుస్తుంది. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. నెల దాటి ట్యాంకులో ఉంటే పెట్రోల్ పాతబడి, ఇంజన్‌కి పెట్రోల్‌ని గాలితో కలిపి అందించే కార్బ్యురేటర్‌లో సూదిమొనంత రంధ్రానికి జిగురులా పట్టేస్తుంది. నవంబరులో అలాగే మూలకి నెట్టేసిన మోవర్ మార్చిలో ఎంత తాడు లాగినా స్టార్ట్ కాకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. పెట్రోల్ పాతబడకుండా కాపాడే స్టెబిలైజర్ పోయండి, లేదా చివరి కోతనాడు ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపి ఆపండి. బంకులో ‘అన్‌లీడెడ్ 88’ అని చవగ్గా కనిపించేదాంట్లో 15 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. చిన్న ఇంజన్లలో దాన్ని పోయకూడదు.

ఇంకా ఆయిల్ మార్చాలి, ఎయిర్ ఫిల్టర్ చూసుకోవాలి, స్పార్క్ ప్లగ్ మార్చాలి. కింద శుభ్రం చేయడానికి వంచేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ పైవైపు ఉండేలా వంచండి, లేకపోతే ఆయిల్ కారి ఎయిర్ ఫిల్టర్‌లోకి దిగుతుంది. బ్లేడు దగ్గరికి చెయ్యి పోయే ముందు పెట్రోల్ దానికి ప్లగ్ వైరు, బ్యాటరీ దానికి బ్యాటరీ తీసి పక్కన పెట్టి తీరాలి. పెట్రోల్ ఇంజన్‌ని గ్యారేజీలో స్టార్ట్ చేయవద్దు, తలుపు తీసి ఉన్నా సరే.

ఖర్చు విషయంలో ఒక అపోహ ఉంది. కరెంటు చవక కాబట్టి బ్యాటరీది మేలని అంటారు. మన 20 నిమిషాల కోతకి కరెంటు అయిదారు సెంట్లు, పెట్రోల్ పాతిక ముప్పై సెంట్లు. ఏడాదికి ముప్పై కోతలనుకున్నా ఆ తేడా పది డాలర్లు కూడా కాదు. అసలు తేడా రిపేరు షాపు బిల్లులో ఉంది. అవతలి వైపు, కొన్నేళ్లకి బ్యాటరీ బలం తగ్గినప్పుడు కొత్తది కొనడం కూడా చిన్న ఖర్చు కాదు. అందుకే దాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి. టెక్సస్ ఎండాకాలంలో గ్యారేజీ కొలిమిలా ఉంటుంది, బ్యాటరీని ఇంట్లోకి తెచ్చుకోండి. కోత అయిన వెంటనే వేడి మీద ఛార్జింగ్ పెట్టకండి. చలికాలానికి సగం ఛార్జ్‌తో ఉంచండి.

వైరు మోవర్లు కూడా ఉన్నాయి. ముందు వెనక కలిపి వెయ్యి చదరపు అడుగుల గడ్డి ఉన్నవాళ్లకి చాలు. 100 అడుగుల వైరు వాడితే 14 గేజ్ కంటే సన్నటిది వద్దు (గేజ్ అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది). ప్లగ్ దగ్గర మొదలుపెట్టి దూరంగా కోసుకుంటూ పోతే వైరు బ్లేడు కిందికి రాదు.

కాలిఫోర్నియా పాఠకులకి ఒక మాట. 2021లో అక్కడ చేసిన చట్టం వల్ల 2024 మోడల్ నుంచి కొత్త పెట్రోల్ మోవర్ల దారి దాదాపు మూసుకుపోయింది. మీ దగ్గరున్న పాతది మాత్రం వాడుకోవచ్చు. హోండా కూడా అమెరికాలో మోవర్ల తయారీని 2023లో ఆపేసింది, పాతది కొనేవాళ్లు దాని వయసు అడిగి తెలుసుకోండి.

నా లెక్క ఇది: గడ్డి 5,000 చదరపు అడుగుల లోపు ఉంటే బ్యాటరీదే కొనండి. 10,000 దాటితే పెట్రోల్‌ది. మధ్యలో ఉన్నవాళ్లు, వారం వారం కోస్తారా, మూడు వారాలకోసారి కోస్తారా అన్నది నిజాయితీగా చూసుకుని తేల్చుకోండి.

ఈ వారం అభ్యాసం: మీ గడ్డి కొలతని 300తో భాగించండి, వచ్చిన నిమిషాలకి సగానికి పైగా కలపండి, దాన్ని 60తో భాగించి, ఒత్తు గడ్డిలో మోటారు లాగే 1,000 వాట్లతో గుణించండి. మీకు కావలసిన కనీస వాట్-అవర్ అదే. తరువాత షాపుకెళ్లి మోవర్‌ని ఎత్తి చూడండి, హ్యాండిల్ మడిచి చూడండి, ఎత్తు మార్చే లీవర్ ఒకటే ఉందో చక్రానికొకటి ఉందో గమనించండి. అప్పుడే కొనకండి. వచ్చే పాఠంలో బ్లేడుల రకాలు, పదును చూద్దాం. ఆ తరువాత కొంటే మంచిది.