కుక్క మొరుగుడు, పొరుగింటి ఫిర్యాదు – 3వ పాఠం: గేటు చప్పుడు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేసి ఉంటే మీ దగ్గర ఏడు రోజుల పట్టిక ఉండాలి. ఎన్ని గంటలకు మొరిగింది, ఎంతసేపు, దానికి ముందు ఏం జరిగింది, ఏం జరిగాక ఆపింది. చివరి గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. ఈ పాఠమంతా ఆ గడి మీదే నడుస్తుంది.

అందులో ‘మనిషి దాటిపోయాక ఆపింది’ అని ఎక్కువసార్లు రాసి ఉంటే ఈ పాఠం మీదే. ‘బంతి ఇచ్చాక’, ‘తలుపు తీశాక’ అని ఉంటే అది అడిగి తెచ్చుకునే మొరుగుడు, 4వ పాఠంలో వస్తుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడే మొరిగితే 5వ పాఠం దాకా ఆగండి. ఒంటరితనం తట్టుకోలేని కుక్కకు ఈ పద్ధతి పనికిరాదు. ముసలి కుక్క కొత్తగా రాత్రిళ్లు మొరుగుతుంటే మాత్రం పాఠాలు పక్కనపెట్టి ముందు పశువైద్యుడికి చూపించండి. నొప్పి, చూపు మందగించడం, చెవుడు, వయసుతో వచ్చే మతిమరుపు వంటివి శిక్షణకు లొంగవు.

గేటు దగ్గరి మొరుగుడు ఎందుకంత మొండిదో చూద్దాం. దారిన పోయేవాడు ఎలాగూ పోతాడు. కుక్క లెక్కలో మాత్రం తాను మొరిగింది కాబట్టే పోయాడు. రోజుకు ఇరవై మంది పోతే ఇరవై గెలుపులు. మీరు పది నిమిషాలు నేర్పిన పాఠాన్ని మిగతా రోజంతా వీధి చెరిపేస్తుంది. అందుకే శిక్షణకు ముందే ఆ గెలుపులు ఆగాలి. కిటికీ అద్దానికి కుక్క కంటి ఎత్తు కంటే ఒక జానెడు పైదాకా మసక కాగితం అంటించండి. గేటు కమ్మీల సందులు రేకుతోనో అట్టతోనో మూయండి. గేటు పక్కన గొలుసుతో కట్టడం మానండి. ముందుకు పోలేని కుక్క ఇంకా రెచ్చిపోతుంది. కుక్క పడక పక్కింటితో కలిసిన గోడను ఆనుకుని ఉంటే అవతలి గదికి మార్చండి. మందపాటి తెర చూపును ఆపుతుందే గానీ శబ్దాన్ని పెద్దగా ఆపదు. శబ్దం సందుల్లోంచి దూరుతుంది కాబట్టి తలుపు కింది ఖాళీకి రబ్బరు పట్టీ వేస్తే ఎక్కువ తేడా తెలుస్తుంది.

ఇక సాధన. గేటు చప్పుడును ఫోనులో రికార్డు చేసుకోండి. కుక్కకు బాగా ఇష్టమైన తిండిని బఠాణీ గింజంత ముక్కలుగా ముప్పై దాకా కోసి పెట్టుకోండి. గేటుకు దూరంగా ఉన్న గదిలో, చెవి కదిపి ఊరుకునేంత తక్కువ శబ్దంతో మొదలుపెట్టాలి. చప్పుడు వినిపించండి, ఒక్క క్షణం ఆగి ముక్క ఇవ్వండి. ఇలా పదిసార్లు, మూడు నిమిషాల్లో అయిపోతుంది. రోజుకు రెండు పూటలు చాలు. చప్పుడు ముందు, తిండి తర్వాత. ఈ వరుస తప్పకూడదు. చెయ్యి ముందే సంచిలోకి పోతే కుక్క మీ చేతినే చూస్తుంది, చప్పుడును పట్టించుకోదు. సాధన చెడేది తరచుగా ఇక్కడే.

పదిలో ఎనిమిదిసార్లు చప్పుడు వినగానే మీ వైపు తిరిగితే శబ్దం ఒక మెట్టు పెంచండి. వరుసగా రెండుసార్లు మొరిగితే ఒక మెట్టు దిగండి. ఫోను చప్పుడు పూర్తి స్థాయికి వచ్చాకే అసలు గేటు, తెలిసిన మనిషితో.

దీంతోపాటు ఒక మాట నేర్పండి. కుక్క ఊరకే ఉన్న వేళ ‘చాలు’ అని మెల్లగా ఒక్కసారి అని, నాలుగు ముక్కలు నేల మీద చల్లండి. ముక్కు నేలకు ఆనించి వెతికే కుక్కకు మొరగడం కష్టం. వారం రోజులు ఇలా చేశాకే నిజమైన మొరుగుడు మీద ఆ మాట వాడాలి. మొరిగినందుకు లంచం ఇస్తున్నామా అని అనుమానం రావడం సహజం. రెండు అరుపులు అరిచి మీ మొహం చూస్తుంటే అది లంచమే. అప్పుడు అరుపుకు ముందే, చప్పుడు వినగానే ముక్క పడాలి.

కోపంతో అరవకండి, కుక్క ఇంకా రెచ్చిపోవచ్చు. షాక్ కొట్టే మెడపట్టీ వద్దు. దారిన పోయే మనిషి కనబడగానే నొప్పి పుడితే కుక్క ఆ మనిషినే తప్పు పడుతుంది. నొప్పికి భయపడి గుర్రుమనడం మానేసిన కుక్క హెచ్చరించకుండా కరిచే ప్రమాదం ఉంది. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్ముకుని ఆ పట్టీ వాడకండి.

ఈలోగా పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తారు, లేదా చేసే ఉంటారు. ‘మా కుక్క అసలు మొరగదండీ’ అన్న మాట నోట రానీయకండి. మీరు లేనప్పుడు వినేది వాళ్లే. ‘ఏ వేళ మరీ ఇబ్బందిగా ఉంది?’ అని అడగండి. సాధారణంగా తెల్లవారుజామో, అర్ధరాత్రో చెబుతారు. ఆ ఒక్క వేళను ముందు సరిచేయండి, ఆ సమయానికి కుక్క లోపలి గదిలో ఉండాలి. రోజంతటి మొరుగుడు సగానికి తగ్గినా ఆ ఒక్క వేళ మిగిలితే వాళ్లకు తగ్గినట్టు అనిపించదు.

రేపటి నుంచి మొరగదని మాటివ్వకండి. ఇలా చెప్పొచ్చు: ‘కిటికీ మూయించామండీ, పొద్దున ఏడు దాకా బయటికి వదలం. మొరిగితే టైము మాత్రం మెసేజ్ పెట్టండి. రెండు వారాల తర్వాత నేనే వచ్చి కనుక్కుంటాను.’ వచ్చిన టైములను మీ పట్టికలో వేరే రంగుతో రాయండి. మీ గడుల్లో లేని వేళలు వాళ్ల మెసేజుల్లో కనిపిస్తే అవి మీరు ఇంట్లో లేని గంటలేమో చూడండి, అలాగైతే మీ కుక్కకు 5వ పాఠం కూడా కావాలి. గోడ మీంచి గద్దించవద్దని కూడా వాళ్లను మర్యాదగా కోరండి.

ఈ వారం పని: మొదటి రెండు రోజులు సందులు మూయడం, పడక మార్చడం. మూడో రోజు నుంచి పూటకు పది చప్పుళ్లు. పట్టిక ఆపకండి, 4వ పాఠం దానితోనే మొదలవుతుంది.