112, 108 కాల్ ఎత్తేవారికి సరైన గుర్తింపు ఇవ్వడం ఎలా?

బెంగళూరులో అత్యవసర నంబరు 112కు ఫోన్ చేస్తే మనతో మాట్లాడేది ఒకరు, దగ్గర్లో ఏ బండి ఉందో చూసి పంపేది ఇంకొకరు, గేటు ముందు హొయ్సళ (పోలీసు గస్తీ) బండి దిగేది మూడోవారు. కళ్లకు కనబడేది ఆ మూడోవారే కాబట్టి థాంక్సులూ సెల్ఫీలూ శాలువాలూ వాళ్లకే పోతాయి. మొదటి ఇద్దరి పేర్లు కూడా మనకు తెలియవు. 1981లో కాలిఫోర్నియాలోని కాంట్రా కోస్టా కౌంటీ షెరిఫ్ కార్యాలయంలో పనిచేసే పాట్రీషియా ఆండర్సన్ ఈ లోటు చూసి, ఇలాంటి సిబ్బంది కోసం ఒక వారాన్ని మొదలుపెట్టారు. అమెరికాలో ఇప్పటికీ ఏటా ఏప్రిల్ రెండో వారం వాళ్లదే. మనం వారం దాకా పోనక్కర్లేదు, ఒక ఉత్తరంతో మొదలుపెట్టవచ్చు. కాకపోతే ఆ ఉత్తరం చేరాల్సిన మనిషికే చేరేలా రాయాలి.

అపార్ట్‌మెంట్ సంఘాలకూ, కాలనీల వాళ్లకూ, ఉగాదికి ఎలాగూ పురస్కారాలు ఇచ్చే తెలుగు సంఘాలకూ పనికొచ్చే పద్ధతి ఇది.

1. ఎవరు ఏ పని చేశారో విడదీయండి

112లో కాల్ టేకర్ వివరాలు రాసుకుని ఒక ఈవెంట్ (ఆ ఘటన నమోదు) తెరుస్తారు. ఆ ఈవెంట్ డిస్పాచర్ తెర మీదికి వెళ్తుంది. డిస్పాచర్ బండిని ఎంచి పంపుతారు. 108లో ఫోన్ ఎత్తేవారిని ఎమర్జెన్సీ రెస్పాన్స్ ఆఫీసర్ అంటారు. అంబులెన్సులో వచ్చి ప్రథమ చికిత్స చేసేవారు ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్), నడిపేవారు పైలట్. సెంటర్లోనే కూర్చుని ఫోన్లో సలహా ఇచ్చే డాక్టరు వేరే ఉంటారు. ‘108 వాళ్లు బాగా చేశారు’ అని రాస్తే ఆ మెప్పు పైలట్ ఖాతాలోనో, ఎవరి ఖాతాలోనూ కాకుండానో పోతుంది. ‘ఫోన్లో మాట్లాడినవారు’, ‘బండి పంపినవారు’, ‘వచ్చినవారు’ అని మూడు ముక్కలుగా రాయండి.

2. అదే రోజు ఐదు వివరాలు రాసి పెట్టుకోండి

తేదీ, నిమిషంతో సహా సమయం, ఏ ఫోన్ నుంచి చేశారు, ఎక్కడి నుంచి చేశారు, బండి ఎన్నింటికి వచ్చింది. సిబ్బంది పేరు తెలియకపోయినా ఫరవాలేదు. ఈ ఐదూ ఉంటే కంట్రోల్ రూమ్‌లో సూపర్‌వైజరు ఆ కాల్‌ను పట్టుకోగలరు. ఎస్సెమ్మెస్‌లో ఈవెంట్ నంబరు వస్తే చెరపకండి.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటొకటి ఉంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో అత్యవసర నంబర్లకు చేసిన కాల్ అసలు కాల్ లిస్టులోనే కనబడదు. ‘తర్వాత చూసి రాద్దాంలే’ అనుకుంటే వెతికినా దొరకదు. గొడవ సద్దుమణిగాక ఇంట్లోవాళ్ల వాట్సాప్‌లో ‘ఇప్పుడే 112కు చేశాం’ అని ఒక్క ముక్క పెట్టండి, సమయం దానంతటదే నమోదవుతుంది. రికార్డింగులు కలకాలం ఉంచరు కాబట్టి ఉత్తరం వారంలోపు వెళ్లాలి.

3. ఉత్తరం కన్నడలో వెళ్లాలి

మనం తెలుగులో ఎంత కమ్మగా రాసినా ఫైల్లోకి ఎక్కేది కన్నడం, లేకపోతే ఇంగ్లీషు. పక్కింటి కన్నడిగుల చేత రాయించుకోండి. పోలీసు, 112 విషయమైతే ఇన్‌ఫాంట్రీ రోడ్డులోని నగర పోలీస్ కమిషనర్ కార్యాలయానికి పంపండి. 108 అయితే ఆరోగ్య శాఖకు పంపి, సేవను వేరే సంస్థ నడుపుతుంటే దానికీ ఒక ప్రతి ఇవ్వండి. ఒక పేజీ దాటకూడదు. ‘మీ సిబ్బంది దేవుళ్లు’ లాంటి వాక్యం పైఅధికారికి దేనికీ పనికిరాదు. ఇలాంటిది పనికొస్తుంది:

‘రాత్రి 11.42కు మా నాన్నగారు పడిపోతే 112కు చేశాం. కంగారులో మా వీధి పేరు కూడా నోటికి రాలేదు. ఫోన్లో ఉన్నామె ఎదురుగా ఏ షాపు ఉందని అడిగి, దాని బోర్డు కింది అడ్రసు మా చేత చదివించారు. బండి వచ్చేదాకా లైన్ వదల్లేదు. మా మాటల్లో తెలుగు దొర్లితే తెలుగులోనే అడిగారు.’

నాలుగైదు వాక్యాలే అయినా ఆ ఉద్యోగి ఏం చేశారో కళ్లకు కడుతుంది. రేపు కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు కూడా దీన్ని వాడుకోవచ్చు.

4. మంచి పని అంటే ఏమిటో ముందే తేల్చుకోండి

ఉత్తరంతో ఆగక బహుమతి కూడా ఇవ్వాలనుకుంటే, అసలు కష్టం ఇక్కడే. ‘ప్రాణం నిలిచింది’ అన్న కాల్‌కే బహుమతి ఇస్తే అదృష్టానికి ఇచ్చినట్టవుతుంది. మారతహళ్లి దగ్గర ట్రాఫిక్‌లో బండి ఇరుక్కుపోతే కాల్ టేకర్ చేయగలిగింది లేదు. ఫలితానికి సున్నా మార్కులు పెట్టండి. కాల్ టేకర్ చేతిలో ఉన్నవాటికే మార్కులు వేయండి. 50 మార్కులైతే ఇలా పంచవచ్చు: చోటు పట్టుకోవడం 15, ప్రశ్నల వరుస 10, గొంతు 10, ఫోన్లో చెప్పిన సూచనలు 10, డిస్పాచర్‌కు అందించిన వివరం 5.

చోటుకు అంత ఎందుకంటే, ఈ ఊళ్లో ‘ఐదో క్రాస్, తొందరగా రండి’ అంటే ఏమీ చెప్పనట్టే. ఐదో క్రాస్ మల్లేశ్వరంలో ఉంది, జయనగర్‌లో ఉంది, కోరమంగలలో ఉంది, ఇందిరానగర్‌లో ఉంది. నేర్పున్నవారు ‘ఏ ఏరియా?’ అని ఊరికే అడిగి ఆగరు. జయనగర్ అంటే ఎన్నో బ్లాక్, ఇందిరానగర్ అంటే ఎన్నో స్టేజ్, హెచ్‌ఎస్‌ఆర్ అంటే ఎన్నో సెక్టార్ అని వెంటనే అందుకుంటారు. అదీ తెలియదంటే పక్కన ఏ గుడి, ఏ దర్శిని (టిఫిన్ హోటల్) అని అడుగుతారు. వైట్‌ఫీల్డ్ వైపు పెద్ద అపార్ట్‌మెంట్లలో మ్యాప్ మీద చుక్క గేటు దగ్గరే ఆగిపోతుంది. అది ఏ టవరో, ఏ అంతస్తో చెప్పదు. ఆ రెండూ అడిగి, సెక్యూరిటీకి చెప్పించి, లిఫ్టు కింద ఆపి ఉంచమన్నవారికి 15కు 15 వేయవచ్చు.

సూచనల విషయంలో వినాల్సింది ‘గురక’ అనే మాట. గుండె ఆగిన మనిషి ఒక్కోసారి కొన్ని నిమిషాలు ఎగశ్వాసతో గుర్రుమంటాడు. కంగారులో ఉన్నవాళ్లు ‘గురక పెడుతున్నాడు, నిద్రపోయినట్టున్నాడు’ అంటారు. అది నిద్ర కాదని కనిపెట్టి, ‘పిలిస్తే పలుకుతున్నారా? ఛాతీ మామూలుగా లేచి పడుతోందా?’ అని రెండే ప్రశ్నలడిగి, ఛాతీ మధ్యలో రెండు చేతులూ వేయించి గట్టిగా నొక్కించడం గొప్ప పనితనం. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే కనీసం 5 సెంటీమీటర్ల లోతున నొక్కాలి. ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు’ అంటూ ఫోన్లో తామే లెక్కపెట్టారా లేదా అన్నది చూడాలి. ‘సీపీఆర్ (ఇలా ఛాతీ నొక్కడం) చేయండి’ అని చెప్పి ఊరుకుంటే ఎవరూ చేయలేరు.

గొంతంటే తీయగా మాట్లాడటం కాదు. అరుస్తున్న మనిషి చేత ఒకే మాటను రెండోసారి నిదానంగా చెప్పించగలగడం. భయం వేసినప్పుడు ఎవరికైనా సొంత భాషే వస్తుంది. తెలుగు రాని కాల్ టేకర్ లైన్ కట్ చేయకుండా, తెలుగొచ్చిన సహోద్యోగిని కలిపినా పూర్తి మార్కులే.

ఒక హెచ్చరిక: ‘తక్కువ సమయంలో కాల్ ముగించినవారు’ అనే బహుమతి మాత్రం పెట్టకండి. పెట్టిన నెలలోనే అందరూ తొందరగా ఫోన్ పెట్టేయడం నేర్చుకుంటారు. ఫోన్ ఎన్ని సెకన్లలో ఎత్తారన్నది కొలవవచ్చు. అమెరికాలో అత్యవసర ఫోన్ సేవలకు ప్రమాణాలు పెట్టే నీనా సంస్థ ప్రకారం 90 శాతం కాల్స్ 15 సెకన్లలోపు ఎత్తాలి. కానీ అది మొత్తం గది లెక్క. ఎన్ని కుర్చీల్లో మనుషులున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది, ఒక్క మనిషి గొప్పతనం కాదు.

5. ఎంపిక

రికార్డింగులు బయటివాళ్లు వినకూడదు, అడగనూ కూడదు. వినే పని శాఖలోని ఇద్దరిది. ఒకరి మార్కులు ఒకరు చూడకుండా వేయాలి. తేడా 10 దాటితే మూడోవారు వింటారు. మన సంఘం నుంచి ఒక్కరు కూర్చోవచ్చు, పేర్లూ నంబర్లూ తీసేసిన రాతప్రతి చూడటానికి మాత్రమే.

ఉత్తరాలు వచ్చిన కాల్స్‌ను మాత్రమే చూస్తే రాత్రి షిఫ్టు ఎప్పుడూ ఓడిపోతుంది. అర్ధరాత్రి రెండింటికి ఫోన్ చేసినవారు తెల్లారి ఉత్తరం రాయరు. అందుకని ఉత్తరాలతో పాటు ప్రతి షిఫ్టు నుంచి చీటీ తీసినట్టు 10 కాల్స్ తీయమని సూపర్‌వైజరును కోరండి. బహుమతుల్లో ఒకటి కాల్ టేకర్, డిస్పాచర్, బండి సిబ్బంది ముగ్గురికీ కలిపి ఉండాలి.

పేరు ప్రకటించే ముందు ఆ ఉద్యోగిని అడగమనండి. అవతలి మనిషి చనిపోయిన కాల్‌కు చప్పట్లు కొట్టించుకోవడం కొందరికి శిక్షలా ఉంటుంది.

6. ఏం ఇవ్వాలి, ఏం ఇవ్వకూడదు

డబ్బు వద్దు. కవరు అసలే వద్దు. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి 1964లోని 14వ నియమం ప్రకారం, తన గౌరవార్థం జరిగే సభకు వెళ్లాలన్నా సన్మానపత్రం తీసుకోవాలన్నా ఉద్యోగికి ముందస్తు అనుమతి కావాలి. రాష్ట్ర ఉద్యోగుల విషయంలోనూ రాతపూర్వక అనుమతి తీసుకున్నాకే హాలు బుక్ చేయండి. ఇది మరిచిపోయి పెద్ద సభ పెడితే, సన్మానం పొందినవారే సంజాయిషీ రాసుకోవాల్సి వస్తుంది.

మైసూరు పేటా (తలపాగా), శాలువా, పండ్లబుట్ట మామూలే, ఉండనివ్వండి. వాటికన్నా విలువైనది సర్వీసు రికార్డులో చేరే మెచ్చుకోలు కాగితం. ఆ కాల్‌లో ఏం చేశారో నాలుగు వాక్యాల్లో ఉండాలి. అనుమతి దొరికితే ఆ గదికి పనికొచ్చే వస్తువు ఇవ్వండి: నడుముకు ఆసరా ఉన్న కుర్చీ, మంచి హెడ్‌సెట్, పెద్ద టీ ఫ్లాస్క్.

తిండి పంపాలనుకుంటే మూడు షిఫ్టులకూ మూడుసార్లు విడిగా పంపండి. గదిలో 40 మంది ఉంటే 120 పొట్లాలు పొద్దున్నే ఒకేసారి దింపకండి, రాత్రివాళ్లకు మెత్తబడ్డ చక్కిలాలే మిగులుతాయి. నెయ్యి కారే బొబ్బట్టు ఎంత రుచిగా ఉన్నా కీబోర్డు ముందు కూర్చునేవారికి చిక్కే. నిప్పట్టు, కోడుబళె లాంటి పొడి చిరుతిళ్లు, అరటిపళ్లు మేలు.

7. రోజు, వేళ

ఏప్రిల్ అన్నిటికీ కలిసొస్తుంది. ఏప్రిల్ 2 కర్ణాటక పోలీసు పతాక దినం. 14న దేశమంతా అగ్నిమాపక సేవా దినం జరుగుతుంది, 1944లో అదే తేదీన బొంబాయి రేవులో జరిగిన పేలుడులో చనిపోయిన సిబ్బంది జ్ఞాపకార్థం. ఉగాది కూడా ఆ చుట్టుపక్కలే వస్తుంది. పెద్ద పండగ రాత్రులూ, డిసెంబరు 31 మాత్రం వద్దు, ఆ గదికి అవే ఊపిరాడని వేళలు.

కుర్చీలోంచి ఎవరినీ లేపకండి. షిఫ్టు మారిన 20 నిమిషాలకు, దిగిపోయినవారితో, పక్క గదిలో పెట్టుకోండి. 15 నిమిషాల్లో ముగించాలి. షిఫ్టంతా హెడ్‌సెట్ పెట్టుకుని వచ్చినవాళ్ల చేత వక్తల ప్రసంగాలు వినిపించడం గౌరవం అనిపించుకోదు.

ఫోటోల్లో వెనకాల తెరలు పడకుండా చూడండి, వాటి మీద జనం పేర్లూ అడ్రసులూ ఉంటాయి. గృహహింస కాల్‌కు మెచ్చుకోలు అయితే తేదీ, వీధి, భాష ఏదీ బయటికి రాకూడదు. ఫేస్‌బుక్ పోస్టు చూసి, ఆ రాత్రి ఫోన్ చేసింది ఎవరో ఇంట్లోవాళ్లు పోల్చుకోగలరు.

8. నెల తర్వాత

కాగితం ఆ ఉద్యోగి సర్వీసు రికార్డులో చేరిందో లేదో 30 రోజులయ్యాక ఒకసారి కార్యాలయంలో కనుక్కోండి. చేరలేదంటే ప్రతిని మళ్లీ ఇచ్చి, ఈసారి రసీదు స్టాంపు వేయించుకోండి. ఇది కనుక్కోవడానికైనా, థాంక్స్ చెప్పడానికైనా 112కు మాత్రం డయల్ చేయకండి. కార్యాలయం మామూలు ఫోన్ నంబరు వేరే ఉంటుంది.