మీ పిల్లల జీపీఏని యూసీ పద్ధతిలో ఇంట్లోనే ఎలా లెక్కవేయాలి?

"మావాడి జీపీఏ (గ్రేడ్ల సగటు) 4.7 ఉంది, వాళ్ల అమ్మాయికి 4.4 మాత్రమే" అనే మాట అమెరికాలోని మన తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఆగకుండా తిరుగుతుంటుంది. ఇద్దరూ వేర్వేరు స్కూల్ డిస్ట్రిక్టుల పిల్లలైతే ఆ పోలికకు అర్థమే లేదు. ఒకచోట ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి) కోర్సులో 'ఏ' వస్తే 5 పాయింట్లు. టెక్సస్‌లో కొన్ని చోట్ల దానికే 6. ఇంకొన్ని స్కూళ్లలో నూటికి మార్కులే. ఒకరు మానికతో, మరొకరు కిలోతో కొలిచిన బియ్యాన్ని అంకె చూసి పోల్చినట్టుంటుంది.

కాలేజీలకు ఈ సంగతి బాగా తెలుసు. చాలావి తమ పద్ధతిలో జీపీఏని మళ్లీ లెక్కవేసుకుంటాయి, లేదా ట్రాన్స్‌క్రిప్ట్‌లో (స్కూల్ ఇచ్చే కోర్సులు, గ్రేడ్ల పట్టికలో) ఒక్కో కోర్సూ చూస్తాయి. తన లెక్కను అందరికీ అర్థమయ్యేలా బయటపెట్టింది యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, అంటే బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో తదితర క్యాంపస్‌ల యూసీ. నేర్చుకోవాలంటే దాంతోనే మొదలుపెట్టాలి.

కావలసినవి ట్రాన్స్‌క్రిప్ట్, కాగితం, పెన్సిల్. ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు ముట్టుకోవద్దు. ఏ కోర్సును తీసుకున్నాయో, దేన్ని వదిలేశాయో అవి చెప్పవు, 'ఏ ప్లస్'కి 4.3 వేసేవీ ఉన్నాయి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేతితోనే వేయండి.

9వ తరగతి అయ్యాక వచ్చే వేసవి నుంచి 11వ తరగతి తర్వాతి వేసవి దాకా ఉన్న గ్రేడ్లే తీసుకోండి. అందులోనూ యూసీ 'ఏ-జీ' అని పిలిచే సబ్జెక్టులే లెక్కకొస్తాయి: చరిత్ర, ఇంగ్లిష్, గణితం, సైన్స్, మరో భాష, కళలు, అకడమిక్ ఎలక్టివ్‌లు. పీఈ (వ్యాయామం), హెల్త్ కొట్టేయండి. 9వ తరగతి గ్రేడ్లు జీపీఏలోకి రావు కానీ అర్హతకు ఆ కోర్సులు కావాలి, వాటిలో సీ కంటే తగ్గకూడదు.

ప్లస్‌లు, మైనస్‌లు తీసేయండి. 'ఏ మైనస్' అయినా 4, 'బీ ప్లస్' అయినా 3, 'సీ'కి 2. స్కూల్ కలిపిన వెయిట్, అంటే కష్టమైన కోర్సులకిచ్చే అదనపు పాయింట్లు కూడా తీసేయండి. సెమిస్టర్‌కో గ్రేడ్ చొప్పున కూడి, గ్రేడ్ల సంఖ్యతో భాగిస్తే అన్‌వెయిటెడ్ జీపీఏ వస్తుంది.

అసలు చిక్కు ఆనర్స్ పాయింట్ల దగ్గర. ఇక్కడ తొందరపడొద్దు. ఏపీ, ఐబీ (ఇంటర్నేషనల్ బ్యాకలారియేట్) కోర్సులకు, యూసీకి క్రెడిట్ బదిలీ అయ్యే కాలేజీ కోర్సులకు, యూసీ ఆమోదించిన ఆనర్స్ కోర్సులకు సెమిస్టర్‌కి ఒక పాయింట్ అదనం. ఏ, బీ, సీ వస్తేనే ఇస్తారు, డీ వస్తే లేదు. ఇది క్లాసులో వచ్చిన గ్రేడ్‌ను బట్టే, మే నెలలో రాసే ఏపీ పరీక్ష స్కోరును బట్టి కాదు. మొత్తం 8 సెమిస్టర్లకు మించి ఇవ్వరు. అందులో 10వ తరగతి వాటా 4 సెమిస్టర్లకు మించకూడదు.

కాలిఫోర్నియా బయటివాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మీ స్కూల్ ఒక కోర్సుకు 'ఆనర్స్' అని పేరు పెట్టినంత మాత్రాన యూసీ పాయింట్ ఇవ్వదు. ఏపీ, ఐబీ, బదిలీ అయ్యే కాలేజీ కోర్సు అయితేనే. పైగా వాళ్లకు కనీస జీపీఏ 3.4, కాలిఫోర్నియా వాళ్లకు 3.0.

ఒక లెక్క చూడండి. రెండేళ్లలో 20 సెమిస్టర్ గ్రేడ్లు: 14 ఏ, 5 బీ, 1 సీ. 56, 15, 2 కలిపితే 73. 20తో భాగిస్తే 3.65. ఏపీ సెమిస్టర్లు 10, అందులో 10వ తరగతివి 2. పరిమితి 8 కాబట్టి 81ని 20తో భాగిస్తే 4.05. పరిమితి లేకుండా వేస్తే 4.15. మూడూ రాసిపెట్టుకోండి. ఎక్కడైనా యూసీ జీపీఏ అంకె కనబడితే ఈ మూడింటిలో ఏదో తేల్చుకున్నాకే మీ అంకెతో పోల్చండి.

చాలామంది టెన్షన్ పడేది ఇక్కడే: అన్నీ 'ఏ'లే వచ్చి, 20 గ్రేడ్లుంటే పరిమితి లోపల గరిష్ఠం 4.4. అదే 24 గ్రేడ్లుంటే 4.33. ఇష్టపడి ఇంకో కోర్సు చదివిన పిల్లాడి అంకె తగ్గిందంటే వాడు వెనకబడ్డాడని కాదు. అంకె కోసం మ్యూజిక్ మాన్పించకండి. యూసీ అప్లికేషన్ చదివేవాళ్లు ఏయే కోర్సులు, ఎన్ని, ఎంత కష్టమైనవి అనేది విడిగా చూస్తారు.

ప్రైవేటు యూనివర్సిటీలకు ఇలాంటి సూత్రం వెతకొద్దు. అక్కడ స్కూల్ కౌన్సెలర్ పంపే స్కూల్ ప్రొఫైల్, అంటే ఆ స్కూల్లో ఏ కోర్సులున్నాయో చెప్పే పత్రం ముఖ్యం. మీ స్కూల్లో ఆరు ఏపీలే ఉంటే ఆ ఆరింటితోనే చూస్తారు. కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకు ఒకేచోట అప్లై చేసే ఫారంలో) కౌన్సెలర్, మీ పిల్లలు ఎంచుకున్న కోర్సులు ఆ స్కూల్లో ఎంత కఠినమైనవో టిక్ పెడతారు. ఆ టిక్ గురించి 11వ తరగతి కోర్సులు ఎంచుకునే ముందే కౌన్సెలర్‌ని అడగండి, అప్లికేషన్ల సమయంలో కాదు.

టెక్సస్ వాళ్లు మాత్రం స్కూల్ జీపీఏని పక్కన పెట్టడానికి లేదు. యూటీ ఆస్టిన్‌లో (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) ఆటోమేటిక్ అడ్మిషన్ క్లాస్ ర్యాంకును బట్టి ఉంటుంది, 2026 ఫాల్ నుంచి పై 5 శాతానికే. ఆ ర్యాంకు తేల్చేది మీ డిస్ట్రిక్ట్ వెయిటింగే, కాబట్టి ఆ నియమాలు 8వ తరగతిలోనే చదవండి.

చివరగా ఫారం. యూసీకి అప్లై చేసేటప్పుడు గ్రేడ్లు మీరే టైప్ చేయాలి. ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉన్నది ఉన్నట్టు ఎక్కించండి, డీ ఉంటే డీ అనే. మీరు లెక్కవేసిన జీపీఏ ఎక్కడా కలపొద్దు, లెక్క వాళ్లే వేసుకుంటారు. సీటు వచ్చాక అసలు ట్రాన్స్‌క్రిప్ట్‌తో సరిచూస్తారు, తేడా వస్తే అడ్మిషన్ రద్దు చేయగలరు. 12వ తరగతి గ్రేడ్లు ఈ జీపీఏలో లేకపోయినా ఆ ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉంటాయి, కాబట్టి చివరి సెమిస్టర్‌లో ఏ కోర్సు అయినా మానేయాలనుకుంటే ముందు యూసీకి తెలియజేయండి.