సెకండ్ హ్యాండ్ కారుకు తుప్పు వైద్యం – 3వ పాఠం: మెరిసే రేకు కనబడేదాకా

కిందటి పాఠంలో ఇచ్చిన హోంవర్క్ చేసే ఉంటారు. కారు కడిగి ఆరబెట్టి, తలుపుల కింది అంచులు, చక్రాల మీది వంపులు, డిక్కీ రబ్బరు కింద, బ్యాటరీ ట్రే చుట్టూ వెతికి, తుప్పు ఉన్న ప్రతిచోటా ఒక టేపు ముక్క అంటించమన్నాను. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే రేకు లోపలికి దిగిపోయిన చోట రెండు ముక్కలు అన్నాను కదా, ఆ రెండు ముక్కల జోలికి మనం వెళ్లం. అక్కడ తుప్పు పట్టిన భాగం కోసేసి, కొత్త రేకు పెట్టి వెల్డింగ్ చేయాలి. అది పనివాళ్లకే వదిలేయండి. మరీ ముఖ్యంగా సస్పెన్షన్ బిగించే చోట్లు, తలుపుల కింద పొడవునా ఉండే సిల్ కారు బరువు మోసే భాగాలు. అక్కడ పుట్టీ కూరి రంగు కొట్టి సరిపెట్టడమంటే ప్రాణాలతో ఆడుకోవడమే.

ఒక్క టేపు ముక్క ఉన్నవాటిలో చిన్నది, చదునైన చోట ఉన్నది ఒకటి ఎంచుకోండి. ఈ పాఠం మొత్తం ఆ ఒక్క మచ్చ మీదే.

కావాల్సినవి కొన్నే: 80, 180, 320 నంబర్ సాండ్ పేపర్లు, పేపర్ చుట్టడానికి అరచేతిలో పట్టే దిమ్మె, మాస్కింగ్ టేపు, రస్ట్ కన్వర్టర్ (మిగిలిన తుప్పును గట్టి పొరగా మార్చే ద్రవం), ఎపాక్సీ ప్రైమర్ (రంగు కంటే ముందు రేకు మీద వేసే రక్షణ పూత), జిడ్డు తీసే ద్రావకం, నూలు రాలని గుడ్డలు. గ్రైండర్ ఉంటే పక్కన పెట్టేయండి. కారు బాడీ రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అలవాటు లేని చేతిలో గ్రైండర్ ఒక్కచోట కాసేపు ఆగిందంటే రేకు వేడెక్కి వంకర పోతుంది, లేదా అరిగి పలచబడుతుంది. తుప్పు కంటే అదే పెద్ద తలనొప్పి. కళ్లద్దాలు, దుమ్ము మాస్కు మాత్రం పెట్టుకోండి.

మచ్చ చుట్టూ ఒక జానెడు వదిలి టేపు వేయండి. అంత ఎందుకంటారా? ఇనుము తుప్పుగా మారితే రెట్టింపుకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే రంగు ఉబ్బి బుడిపెలా లేస్తుంది. ఆ లేచిన అంచు కింద నుంచి తేమ పక్కకు పాకుతూ పోతుంది. పైకి శనగగింజంత కనిపించేది గీకాక అరచేతిలో సగం అయితే కంగారు పడకండి, చాలాసార్లు అలాగే అవుతుంది. మొదటిసారి నేను చేసిన తప్పు ఇక్కడే. మచ్చ పెద్దదవుతుంటే భయమేసి, కనిపించిన ఎరుపు పోగానే ఆపేసి, పుట్టీ పెట్టి రంగు వేశాను. చూడ్డానికి భలే ఉంది. ఒక వానాకాలం గడిచేసరికి అదే చోట, పుట్టీ చుట్టూ ఉంగరంలా కొత్త బుడిపెలు!

80 నంబర్ పేపర్‌తో మొదలుపెట్టి, ఉబ్బిన రంగు, పెచ్చులు పోయేదాకా రుద్దండి. గట్టిగా అంటుకున్న రంగు అంచు దొరికేదాకా బయటికి జరుగుతూ పోవాలి. రేకు మెరుస్తుంది. అప్పుడు టార్చిలైటు వాలుగా పట్టి చూడండి, మెరుపు మధ్యలో నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవి తుప్పు తిన్న గుంటలు, వాటి అడుగున తుప్పు ఇంకా ఉంది. పేపర్ మూల మడిచి ఒక్కో గుంటనూ విడిగా గీకండి. విసుగు పుట్టించే పనే, కానీ ఈ మరమ్మతు ఎన్నాళ్లు నిలుస్తుందో తేలేది ఇక్కడే. ఎంత గీకినా పోని చుక్కలకు మాత్రమే కన్వర్టర్. అందులోని ఆమ్లం మిగిలిన తుప్పుతో కలిసి దాన్ని గట్టి నల్లటి పొరగా మారుస్తుంది. పెచ్చుల మీద పూస్తే పైపైనే ఆగిపోతుంది, కాబట్టి గీకడానికి బద్ధకించి దాన్ని పూయొద్దు. కన్వర్టర్‌ని కడగాలా వద్దా, దాని మీద ఎపాక్సీ ప్రైమర్ పట్టుకుంటుందా లేదా అన్నది డబ్బా మీద చదివాకే కొనండి.

ఇప్పుడు అంచు సంగతి. రేకుకూ పాత రంగుకూ మధ్య చిన్న మెట్టు ఉంటుంది. దాన్ని 180తో, తర్వాత 320తో వాలుగా అరగదీయాలి. సరిగ్గా వస్తే చెరువులో రాయి వేసినప్పుడు లేచే అలల్లా వలయాలు తేలతాయి: పైన క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పూత), దాని లోపల రంగు, తర్వాత ప్రైమర్, నడుమ రేకు. వలయాలు ఎంత వెడల్పుగా ఉంటే వాలు అంత బాగా కుదిరినట్టు. కళ్లను నమ్మొద్దు. పలచటి గుడ్డ పరిచి, కళ్లు మూసుకుని దాని మీద వేళ్లు జరపండి. ఎక్కడైనా వేలికి తట్టిందంటే రంగు వేశాక అదే గీతలా కనిపిస్తుంది.

రుద్దడం అయ్యాక ఇక ఉత్త చేత్తో ముట్టుకోవద్దు. చెమటలో ఉప్పు ఉంటుంది, వేలిముద్రలోంచే మళ్లీ తుప్పు మొదలవుతుంది. గ్లవ్స్ వేసుకుని ద్రావకంతో తుడిచి, ఆరాక అదే రోజు ప్రైమర్ కొట్టేయండి. గాలిలో తేమ ఎక్కువుంటే కొన్ని గంటల్లోనే రేకు మీద పసుపుపచ్చ ఛాయ వస్తుంది. అలా వస్తే 320తో మళ్లీ రుద్ది మొదటికి రావాల్సిందే.

స్ప్రే డబ్బా అయితే రేకుకు 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో పట్టి, చెయ్యి ఆపకుండా జరుపుతూ పలచగా రెండు పూతలు వేయండి. మధ్యలో ఎంతసేపు ఆగాలో డబ్బా మీద ఉంటుంది. దుమ్ము మాస్కు ఈ ఆవిరిని ఆపలేదు, కార్బన్ ఫిల్టర్ ఉన్నది కావాలి. గాలి బాగా ఆడే చోటే కొట్టండి.

ప్రైమర్ పూర్తిగా ఆరాక టార్చి మళ్లీ వాలుగా పట్టండి. గుంటలు ఇప్పుడు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. ఒక్కోదాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంచండి. వచ్చే పాఠంలో పుట్టీ కలపగానే మొదట వెళ్లేది ఆ సున్నాల్లోకే.