బొమ్మ అందంగానే వచ్చింది, లెక్కే తప్పు: ఫ్రాక్టల్, కేయాస్ ప్రోగ్రాముల్లో సమస్య - పరిష్కారం

హన్మకొండ, కాజీపేట వైపు ఇంజినీరింగ్ పిల్లల్లో మినీ ప్రాజెక్టుకు ఫ్రాక్టల్ (ఎంత జూమ్ చేసినా కొత్త మెలికలు కనిపిస్తూనే ఉండే బొమ్మ) తీసుకునేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. మంచి ఎంపిక. ఇంత తక్కువ కోడుతో ఇంత గణితం కళ్లకు కట్టే సబ్జెక్టు దొరకడం కష్టం. కానీ రేపు రివ్యూ అనగా ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చేవాళ్లది చాలాసార్లు ఒకటే మాట: "అన్నా, బొమ్మ మంచిగనే వచ్చింది, సార్ మాత్రం తప్పంటుండు."

"మొదటి నాలుగు విలువలు ప్రింట్ చేసి చూసినవా?" అని అడుగుతాను. చూసి ఉండరు.

జీతాల లెక్కలో తప్పుంటే ఎక్కడో ఒక మైనస్ వచ్చి ఎవరో ఒకరు పట్టేస్తారు. ఇక్కడ అలా కుదరదు. తప్పు సూత్రం కూడా మెలికలు తిరిగిన అందమైన బొమ్మనే గీస్తుంది. అందుకే రంగులు, జూమ్ అన్నీ పక్కన పెట్టి, ముందు కాగితం మీద కాలిక్యులేటర్‌తో నాలుగు అడుగులు వేయండి. ప్రోగ్రాము ఇచ్చిన అంకెలతో పోల్చండి. ఐదు నిమిషాల పని. లూపులు, ఫంక్షన్లు రాయడం వచ్చనే అనుకొని మిగతాది చెబుతున్నాను.

తెరంతా నలుపు, లేదా ఒకే రంగు

సీ, జావాలో రాసినవాళ్లయితే పిక్సెల్ నంబరును వెడల్పుతో భాగించే లైను చూడండి. రెండూ పూర్ణాంకాలైతే జవాబు ఎప్పుడూ 0. అంటే ప్రతి పిక్సెల్‌కూ ఒకే బిందువు వెళ్తోంది. 1.0తో గుణించి భాగించండి. అది సరిగానే ఉంటే హద్దులు చూడండి: మాండెల్‌బ్రాట్ సెట్టుకు (ఒక సూత్రాన్ని మళ్లీ మళ్లీ నడిపినా విలువలు సున్నా నుంచి 2 దూరం దాటి పారిపోని బిందువుల గుంపు) అడ్డంగా −2.2 నుంచి 0.8, నిలువుగా −1.2 నుంచి 1.2 సరిపోతుంది. ఈ హద్దులకు 1000×800 పిక్సెళ్లు పెడితే బొమ్మ సాగదు.

మాండెల్‌బ్రాట్ వచ్చింది, కానీ ఎక్కడో తేడాగా ఉంది

అందరికన్నా ఎక్కువ ఏడిపించేది ఇదే. సెట్టు ఎడమ పక్కన ఉండే పెద్ద బుడగ, కేంద్రం −1, వ్యాసార్ధం 0.25 ఉన్న కచ్చితమైన వృత్తం. మీ బొమ్మ కొలతలు సరిగా ఉండి కూడా ఆ వృత్తం నలిగినట్టు కనిపిస్తే కింది లైన్లు వెతకండి (ఏ, బీ అంటే ఆ పిక్సెల్ బిందువు; ఎక్స్, వై సున్నాతో మొదలవుతాయి):

ఎక్స్ = ఎక్స్×ఎక్స్ − వై×వై + ఏ
వై = 2×ఎక్స్×వై + బీ

చూడడానికి పుస్తకంలో ఉన్నట్టే ఉంటుంది. కానీ రెండో లైనుకు వచ్చేసరికి ఎక్స్ మారిపోయింది. వైకి పాత ఎక్స్ కావాలి, దొరుకుతున్నది కొత్తది. ఎర్రర్ రాదు, ప్రోగ్రాము ఆగదు. పైగా ఈ తప్పు దాక్కునే తీరు గట్టిది. అడ్డగీత మీద వై ఎప్పుడూ సున్నానే కాబట్టి అక్కడ రెండు లెక్కలూ ఒకటే. సెట్టు −2 దగ్గర మొదలై, అసలు సెట్టులాగే కనిపిస్తుంది. పైభాగం, కిందిభాగం ఒకదానికొకటి సరిపోతాయి. అందుకే ఇంటర్నెట్‌లోని బొమ్మ పక్కన పెట్టి చూసినా "రంగుల తేడా కావచ్చు" అనుకొని వదిలేస్తారు.

పట్టుకోవడం ఇలా. ఏ = 0, బీ = 1 ఇచ్చి నాలుగు అడుగులు ప్రింట్ చేయండి. సరైన జవాబు (0, 1), (−1, 1), (0, −1), (−1, 1). తప్పు కోడులో (0, 1), (−1, −1), (0, 1), (−1, −1) వస్తుంది. గమనించారా, రెండు సందర్భాల్లోనూ విలువలు 2 దాటి పారిపోవడం లేదు. అంటే ఆ పిక్సెల్ రంగు రెండింటిలోనూ ఒకటే. బొమ్మను ఎంతసేపు చూసినా ఇది దొరకదు, అంకెలు చూస్తే రెండో అడుగులోనే దొరుకుతుంది.

పరిష్కారం: కొత్త విలువను వేరే పేరులో పెట్టుకొని, రెండూ లెక్కకట్టాక ఒకేసారి మార్చండి. పైథాన్‌లో రెండింటినీ కామాతో ఒకే లైనులో ఇవ్వొచ్చు, లేదా కాంప్లెక్స్ సంఖ్యలే వాడొచ్చు. అప్పుడు ఈ తప్పుకు చోటే ఉండదు.

ఇదే దొంగ వేరే వేషాల్లోనూ వస్తాడు. ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త మిషెల్ ఎనో 1976లో ఇచ్చిన మ్యాప్‌లో, అంటే పాత విలువల నుంచి కొత్తవి ఇచ్చే సూత్రంలో (1.4, 0.3 విలువలతో) కొత్త వై అంటే 0.3×పాత ఎక్స్. అక్కడ కొత్త ఎక్స్ వాడితే గుర్రపునాడాలా వంగాల్సిన బొమ్మ ఒక్క సరళరేఖ అయి కూర్చుంటుంది. ఇది కనీసం కళ్లకు కనిపిస్తుంది, అదృష్టం. సరైన లెక్క (0, 0) నుంచి (1, 0), (−0.4, 0.3), (1.076, −0.12) అని నడవాలి. చుక్క చుక్కగా ఫెర్న్ మొక్క ఆకును గీసే బార్న్‌స్లీ ఫెర్న్ ప్రోగ్రాములో ఆకు వంకరగా వస్తే అక్కడా ముందు ఇదే చూడండి.

లోరెంజ్ సీతాకోకచిలుక వచ్చింది, రెక్కల కేంద్రాలు సరైన చోట లేవు

లోరెంజ్ మూడు సమీకరణాల్లో 10, 28, 8/3 అనే స్థిరాంకాలు ఉంటాయి. సీ, జావాలో 8/3 అని రాస్తే 2 అవుతుంది. రెండు రెక్కల ఆకారం అప్పుడూ వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఎక్స్, వై రెండింటికీ 8.4853, జెడ్‌కు 27 ఇచ్చి మార్పు రేట్లు ప్రింట్ చేయండి. 10, 28, 8/3 విలువలకు మూడూ సున్నా దగ్గర ఉండాలి. జెడ్ రేటు 18 వస్తే దొరికిపోయినట్టే. 8.0/3.0 అని రాయండి.

విలువలు పెరిగి పెరిగి చివరికి నాన్ (ఇది సంఖ్య కాదు అని అర్థం) అని వస్తే కాలపు అడుగు పెద్దదైంది. 0.01కి తగ్గించండి, ఆయిలర్ పద్ధతి బదులు దానికన్నా కచ్చితమైన రుంగే-కుట్టా పద్ధతి వాడండి.

నా జవాబు ఒకటి, ఫ్రెండుది ఒకటి

ల్యాబ్ సిస్టమ్‌లో ఒకటి, ఇంట్లో ఒకటి వచ్చిందని టెన్షన్ పడతారు. చాలాసార్లు ఇది తప్పు కాదు, మీరు ఏ విషయం మీద ప్రాజెక్టు చేస్తున్నారో అదే: కేయాస్, అంటే మొదట్లో పిసరంత తేడా చివరికి పెద్దదైపోవడం. లాజిస్టిక్ మ్యాప్‌ను 4×ఎక్స్×(1−ఎక్స్) అని ఒకరు, 4×ఎక్స్−4×ఎక్స్×ఎక్స్ అని ఇంకొకరు రాస్తే, పదహారో అంకె దగ్గర పుట్టిన తేడా అడుగడుక్కీ సగటున రెట్టింపవుతూ పోతుంది. 50-60 అడుగులకు రెండింటికీ పొంతన ఉండదు. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ తన వాతావరణ నమూనాలో 0.506127 బదులు 0.506 ఇచ్చి చూసింది కూడా ఇదే.

అలాగని ప్రతి తేడానూ కేయాస్ మీదకు నెట్టేయకండి. మొదటి పది విలువలు కలవాలి. కలవకపోతే కోడులోనే తప్పుంది. ఇంకో పరీక్ష: 4 బదులు 3.2 పెట్టి నడిపితే, ఇద్దరికీ చివరికి 0.5130, 0.7995 మధ్యే ఊగాలి.

కేయాస్ రావాలి, సున్నా వచ్చి ఆగిపోయింది

0.5తో మొదలుపెట్టి ఉంటారు. 4×ఎక్స్×(1−ఎక్స్)లో 0.5 తర్వాత 1, ఆ తర్వాత ఎప్పటికీ 0. 0.25 ఇస్తే 0.75 దగ్గర నిలిచిపోతుంది. 0.3141 లాంటి సంఖ్య ఇవ్వండి. రెట్టింపు చేసి పూర్ణాంకం తీసేసే మ్యాప్ అయితే ఏ సంఖ్య ఇచ్చినా కొన్ని పదుల అడుగుల్లో సున్నాకే చేరుతుంది. కంప్యూటర్ దగ్గర 53 బిట్లే ఉన్నాయి, అడుగుకొకటి జారిపోతుంది. అక్కడ మీ కోడు తప్పేమీ లేదు, వేరే మ్యాప్ తీసుకోండి.

మిగతావి

బైఫర్కేషన్ చిత్రంలో (లాజిస్టిక్ మ్యాప్‌లో 4 ఉన్న చోట సంఖ్యను మారుస్తూ చివరి విలువలు గీసే బొమ్మ) కొమ్మల చుట్టూ దుమ్ములా చుక్కలుంటే మొదటి 500 విలువలు వదిలేసి గీయండి. బాగా జూమ్ చేశాక గడులు గడులుగా వస్తే తెర మీద కనిపిస్తున్న భాగం వెడల్పు (పిక్సెళ్లలో కాదు, అసలు అంకెల్లో) చూడండి. 10⁻¹³ దరిదాపుల్లో ఉంటే డబుల్ రకం సంఖ్యలకున్న అంకెలు చాలట్లేదు, ఎక్కువ అంకెల లైబ్రరీ కావాలి. ఫ్లోట్ వాడితే 10⁻⁴ దగ్గరే ఈ గతి పడుతుంది, అప్పుడు డబుల్‌కు మారితే చాలు. గ్రాఫిక్స్ కార్డు, కంపైలర్ సెట్టింగు, ర్యామ్ అంటారా, నా దగ్గరికొచ్చిన కోడుల్లో కారణం అక్కడ దొరకడం అరుదు. నాలుగు అడుగుల లెక్క సరిపోయాకే వాటి జోలికి వెళ్లండి.