జర్మన్, డచ్చి వాక్యాల్లో క్రియను ఎక్కడ పెట్టాలి?

హనుమకొండలో జర్మన్ నేర్చుకునేవారు చాలామంది తెలుగు వాక్యాన్ని ముందు మనసులో ఇంగ్లీషులోకి మార్చుకొని, ఆ తరువాత జర్మన్‌లోకి తిప్పుతారు. ఇందులో మొదటి మెట్టు దండగ. జర్మన్, డచ్చి వాక్యాల అడుగున ఉన్న క్రమం కర్త, కర్మ, చివర క్రియ. అంటే తెలుగు క్రమమే. డచ్చి మూలంలో క్రియాంత భాష అని యాన్ కోస్టర్ అనే భాషావేత్త 1975లోనే వాదించారు. ఈ క్రమం ఉపవాక్యంలో ఉన్నదున్నట్టు కనిపిస్తుంది; ప్రధాన వాక్యంలో క్రియ రెండో స్థానానికి జరుగుతుంది. కాబట్టి మనవాళ్లు ప్రధాన వాక్యంతో కాక ఉపవాక్యంతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

'వాడు వస్తడని నాకెరుక' అనే మన మాటనే తీసుకోండి. జర్మన్‌లో దీన్ని 'ఇహ్ వైస్, దస్ ఏర్ కొమ్ట్' అంటారు. మన 'అని' చేసే పనిని అక్కడ 'దస్' చేస్తుంది; అది ఉపవాక్యం మొదట్లో వస్తుంది, క్రియ మాత్రం మనకు లాగే చివరనే ఉంటుంది. 'రైలు ఎనిమిదింటికి కాజీపేటకు చేరుతుంది కాబట్టి' అనడానికి 'వైల్ డేర్ త్సూక్ ఉమ్ ఆహ్ట్ ఊర్ ఇన్ కాజీపేట్ ఆన్‌కొమ్ట్' అని రాయాలి.

దీన్ని ప్రధాన వాక్యంగా మార్చాలంటే 'వైల్' తీసేసి, సమాపక క్రియను రెండో స్థానానికి తెస్తే చాలు. అయితే 'ఆన్‌కొమ్ట్' మొత్తం కదలదు. 'కొమ్ట్' మాత్రమే ముందుకు వెళ్తుంది, ఉపసర్గ 'ఆన్' చివరనే మిగిలిపోతుంది: 'డేర్ త్సూక్ కొమ్ట్ ఉమ్ ఆహ్ట్ ఊర్ ఇన్ కాజీపేట్ ఆన్'. అందుకే నిఘంటువు తెరిచే ముందు వాక్యం చివరి దాకా చదవాలి. లేకపోతే 'చేరు' అనే క్రియకు బదులు 'వచ్చు' అనే క్రియ దొరుకుతుంది. డచ్చిలోనూ ఇదే పద్ధతి.

రెండో స్థానం అంటే రెండో మాట కాదు. 'నేక్స్టె వొహె ఫేర్ట్ మైన్ బ్రూడర్ నాహ్ కాజీపేట్' అనే వాక్యంలో 'వచ్చే వారం' అనే పదబంధమంతా ఒకటో స్థానం, క్రియ రెండోది, 'మా అన్న' ఆ తరువాత. 'రేపు నేను వెళ్తాను' అనే అలవాటులో మనవాళ్లు 'మోర్గెన్ ఇహ్ ఫారె' అని రాసేస్తారు. 'మోర్గెన్ ఫారె ఇహ్' అన్నదే సరైనది. ఉపవాక్యం ముందు వస్తే అదంతా ఒకటో స్థానమే: 'వైల్ ఎస్ రేగ్నెత్, బ్లైబె ఇహ్ త్సు హౌసె', అంటే వాన పడుతున్నందున ఇంట్లోనే ఉంటాను.

రెండు క్రియలు చివర చేరినప్పుడు ఈ భాషలు వేరు దారులు పడతాయి. 'పుస్తకం చదవగలడని' అనడానికి జర్మన్‌లో 'దస్ ఏర్ దస్ బూహ్ లేజెన్ కన్': మొదట 'చదవ', తరువాత 'గలడు', అచ్చంగా మన వరుస. డచ్చిలో సాధారణంగా అది తిరగబడి 'దత్ హెయ్ హెత్ బూక్ కన్ లేజెన్' అవుతుంది. మూడు క్రియలైతే కొన్ని చోట్ల జర్మన్ కూడా మన వరుసను వదిలి, 'చదవగలిగాడని' అనే చోట సహాయక క్రియను ముందుకు తెచ్చి 'హత్ లేజెన్ కొన్నెన్' అంటుంది; డచ్చిలో అది 'హేఫ్త్ కున్నెన్ లేజెన్'. ఈ మూడు క్రియల గుంపును సూత్రంగా బట్టీపట్టడం కన్నా, నాలుగైదు వాక్యాలను పైకి చదివి చెవికి అలవాటు చేసుకోవడం సులువు.