మొదటిసారి ఎక్స్‌పోలో స్టాల్ పెడుతున్నవాళ్లకు

మేం వరంగల్ కొత్తవాడలో దర్రీలు (నేలమీద పరుచుకునే జంబుఖానాలు) నేయించి అమ్ముతాం. మొదటిసారి హైదరాబాద్‌లో మూడు రోజుల ఎక్స్‌పోకి వెళ్లినప్పుడు నా ధ్యాసంతా ఎంత సరుకు తీసుకెళ్లాలన్న దాని మీదే ఉంది. రెండో రోజు మధ్యాహ్నం ఒక హోటల్‌కి సామాన్లు కొనే ఆయన వచ్చాడు. దర్రీ చేతిలోకి తీసుకుని తిరగేసి రెండోవైపు చూశాడు, అంచు దగ్గర పోగును గోటితో లాగి చూశాడు, చూసి "ఇదే సైజు, ఇదే రంగు రెండొందలు కావాలి, రేటెంత, ఎన్ని రోజుల్లో ఇస్తారు?" అని అడిగాడు. నా దగ్గర చిల్లర రేటు ఉంది గానీ హోల్‌సేల్ రేటు లేదు, ఎన్ని రోజులు పడుతుందో మగ్గాల వాళ్లనే అడగాలి. "కనుక్కుని చెప్తాను సార్" అన్నాను. నంబర్ కూడా అడగలేదు, పక్కన ఇద్దరు బేరమాడుతుంటే అటు తిరిగాను. ఆ మూడు రోజుల్లో అమ్మినదంతా కలిపినా ఆ ఒక్క ఆర్డరంత కాలేదు.

అందుకే సరుకు సర్దడానికి ముందు ఒక కాగితం రాసుకోండి. 50 తీసుకుంటే రేటెంత, 200 తీసుకుంటే ఎంత, ఎన్ని రోజుల్లో ఇవ్వగలరు, అడ్వాన్స్ ఎంత. స్టాల్‌లో కూర్చునే ప్రతి ఒక్కరికీ, మీ తమ్ముడైనా సరే, ఇది నోటికి రావాలి.

తర్వాత ఏ ఎక్స్‌పో అన్నది. జనవరి 1న మొదలయ్యే నాంపల్లి నుమాయిష్ నెలన్నర నడుస్తుంది, ఇంటిల్లిపాదీ వచ్చి కొనుక్కునే చోటు అది, చిల్లర గిరాకీ బాగుంటుంది. మూడు రోజుల బిజినెస్ ఎక్స్‌పోలో మాత్రం చిల్లరతో ఖర్చులు రావడమే కష్టం. లెక్క చూడండి: స్టాల్ అద్దె 18,000, వ్యాన్ 5,000, రూము, తిండి 9,000 అనుకుంటే మొత్తం 32,000. దర్రీకి 200 మిగిలితే, 160 అమ్మితే గానీ పెట్టిన ఖర్చు తిరిగి రాదు. అంటే రోజుకి 53కి పైనే. బుక్ చేసే ముందు మీ సరుకుతో ఇదే లెక్క వేయండి, వీలైతే అంతకుముందు ఏడాది అక్కడ స్టాల్ పెట్టినవాళ్లకు ఫోన్ చేసి ఎవరెవరు వచ్చారో అడగండి.

ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే నమోదు) లేకపోతే చేయించుకోండి, అది ఉచితం, ఎవరికీ డబ్బులివ్వకండి. అది ఉంటే, కేంద్ర ఎంఎస్‌ఎంఈ (చిన్న, మధ్యతరహా పరిశ్రమల) శాఖ పథకంలో ఆమోదించిన ఎక్స్‌పోలకు స్టాల్ అద్దెలో కొంత వెనక్కి వచ్చే వీలుంది, వెళ్లడానికి ముందే అడిగి దరఖాస్తు పెట్టుకోవాలి. సరుకు వెంట బిల్లుకి బదులు డెలివరీ చలానా (ఏ సరుకు, ఎంత తీసుకెళ్తున్నారో రాసిన కాగితం) ఉంచుకోండి, ఎందుకంటే అది ఇంకా అమ్ముడుపోలేదు, మిగిలింది తిరిగి తెచ్చుకోవాలి కూడా. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ పోర్టల్‌లో తీసుకునే పత్రం) కావాలి. వేరే రాష్ట్రానికి వెళ్తే జీఎస్టీలో తాత్కాలిక రిజిస్ట్రేషన్ అవసరం పడొచ్చు, దానికి అమ్మకం మొదలవడానికి కనీసం 5 రోజుల ముందు దరఖాస్తు చేయాలి, మీకు వర్తిస్తుందో లేదో అకౌంటెంట్‌ని అడగండి. పచ్చళ్లు, పొడులు అమ్మేవాళ్లు ప్యాకెట్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబర్, తయారీ తేదీ, బరువు, ఎంఆర్‌పీ లేకుండా బయల్దేరొద్దు.

స్టాల్ మామూలుగా 3 మీటర్లకు 3 మీటర్లు ఉంటుంది. ఒక టేబుల్, రెండు కుర్చీలు, లైట్లు, ఒక ప్లగ్ ఇస్తారు. టేబుల్‌ని ముందు అడ్డంగా వేస్తారు, వెళ్లగానే దాన్ని పక్కకి జరపండి, అడ్డం ఉంటే జనం లోపలికి రారు. స్టాల్ గోడలుగా పెట్టే పలకలకు మేకులు కొట్టనివ్వరు, అందుకని కొక్కేలు, గొలుసులు, బరువైన వాటికి ఒక పైపు స్టాండ్ ఇంటినుంచే తీసుకెళ్లాలి. మేం దర్రీలన్నీ మడతపెట్టి గుట్టలా పోసేవాళ్లం, ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. ఇప్పుడు రెండు పూర్తిగా వేలాడదీస్తాం, ఒకటి నేలమీద పరిచి చెప్పులు విడిచి అడుగు పెట్టమంటాం. కాలికి తగిలాక మనిషి ఆగుతాడు, అక్కడినుంచి మాట మొదలవుతుంది.

వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (ఫలానా ఊరి ప్రత్యేక సరుకు అని ఇచ్చే భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, ఆ సంగతి బోర్డు మీద పెద్దక్షరాలతో రాయండి. పెంబర్తి ఇత్తడి, కరీంనగర్ వెండి తీగ పని చేసేవాళ్లకూ ఇదే మాట. కాకపోతే జీఐ లోగో వాడాలంటే అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం నోట్‌బుక్. సాయంత్రానికి మొహాలు గుర్తుండవు. కార్డు ఇచ్చినా సరే, వాళ్ల ముందే రాయండి: "ఆకుపచ్చ గీతలు, 4×6, ముప్పై, దసరాకు ముందు". వాళ్లు చేతిలో పట్టుకున్న దర్రీ ఫొటో తీసి అక్కడే వాట్సాప్ చేయండి, మీ నంబర్ కూడా వాళ్ల ఫోన్‌లోకి వెళ్తుంది.

ఇంటికొచ్చాక అలసటతో వారం పడుకుంటే అదంతా వృథా. మూడో రోజుకల్లా అందరికీ ఫోన్ చేయండి, సగంమంది ఎత్తరు, ఇంకో రెండుసార్లు చేయండి. శాంపిల్ అడిగితే ఊరికే పంపకండి, ధర తీసుకుని, ఆర్డర్ ఇస్తే బిల్లులో తగ్గిస్తామనండి. ఆర్డర్ ఖాయమయ్యాక కూడా సగం అడ్వాన్స్ ఖాతాలో పడేదాకా నూలు కొనకండి.